ఏడు చేపల్లో ఎన్ని ఎండాయి?

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు.

ఆదివారం నాన్న విజయవాడ వస్తున్నారు. ఆయన చేతికిచ్చిన గుడ్డసంచిలో కొన్ని బొమ్మల పుస్తకాలు, ఒక డబ్బాలో చింతపిక్కలు, ఇంకో డబ్బాలో సున్నుండలు ఉంటాయి. వాటితో ఏం చెయ్యాలో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే పాపకు అన్నం పెడుతూ "సరే అమ్మా, సరే అమ్మా" అంటావు. తర్వాత ఏం చెప్పానో నీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు.

స్కూల్లో ఒకటి నుంచి వంద వరకు రాయిస్తున్నారని, నలభై దాటేసరికి పాప ఏడుపు మొదలుపెడుతోందని, పక్క ఫ్లాట్ పిల్లాడిలా అబాకస్‌లో చేర్పించాలా అని అడిగావు కదా. వద్దు. దానికి నాలుగున్నరేళ్లు. వంద రాయడంలో వేళ్లకు పని ఉందిగానీ బుర్రకు లేదు. నీ టెన్షన్ తగ్గడానికి ఒక సంగతి చెబుతాను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఒకటో తరగతికి ముందు ఏడాది పిల్లలకు, అంటే మన యూకేజీ ఈడు వాళ్లకు, అందులో పెట్టుకున్న లక్ష్యం 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవడం. 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతి పూర్తయ్యేసరికి రావాలి. మరి ఎల్‌కేజీలో వంద ఎందుకంటావా? నోటుపుస్తకం నిండితే ఫీజు కట్టిన అమ్మానాన్నలకు తృప్తిగా ఉంటుంది. ఇన్నేళ్లు చిన్న తరగతులకు చెప్పినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు పాప ముందు ఐదు మామిడిపళ్లు పెట్టి లెక్కపెట్టమన్నాను. వేలు ఆనిస్తూ ఒకటి నుంచి ఐదు వరకు చక్కగా చెప్పింది. "అయితే మొత్తం ఎన్నే?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది! ఇంకోసారి అడిగితే ఇంకోసారి. ఆఖరున చెప్పిన ఐదు ఆ చివరి పండు ఒక్కదానికే చెందదని, మొత్తం పళ్ల లెక్క అదేనని దానికింకా తట్టలేదు. కంగారు పడకు, ఈ వయసుకు అది మామూలే. గెల్‌మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో దీని గురించి వివరంగా రాశారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చెప్పాలి, అంకెల వరస మారకూడదు, ఆఖరి అంకె మొత్తాన్ని చెబుతుంది, ఏ వస్తువులనైనా లెక్కపెట్టొచ్చు, ఏ చివర నుంచి మొదలుపెట్టినా లెక్క మారదు. మనకు ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. పిల్లలకు ఒక్కొక్కటీ విడిగా అందుతుంది. పాపకు మొదటి రెండూ వచ్చాయి, మూడోది రావాల్సి ఉంది. ఎన్ని వందలు రాయించినా అది రాదు.

చింతపిక్కలు అందుకే పంపాను. పుస్తకంలో బాతుల బొమ్మలున్న పేజీ తీసి ఒక్కో బాతు మీద ఒక్కో పిక్క పెట్టమను. మామిడిపండునైతే లెక్కపెట్టి పక్కకు జరపొచ్చు. బొమ్మ జరగదు కాబట్టి దేన్ని లెక్కపెట్టిందో, దేన్ని పెట్టలేదో పాపే గుర్తుంచుకోవాలి. అందుకే బొమ్మలు లెక్కపెట్టడం కాస్త కష్టం. పిక్క పెడితే ఆ కష్టం తగ్గుతుంది. తర్వాత పిక్కలన్నీ గుప్పిట్లోకి తీసుకుని, పుస్తకం మూసేసి, "బాతులు ఎన్ని ఉన్నాయంటావు?" అని అడుగు. గుప్పిలి విప్పి పిక్కలు లెక్కపెట్టి బాతుల సంఖ్య చెప్పిందంటే సగం దారి నడిచినట్టే. మూడు, నాలుగు వరకైతే లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పేస్తుంది చూడు. అప్పుడు "లెక్కపెట్టి చెప్పు" అని పట్టుబట్టకు. చూడగానే తెలియడం కూడా లెక్కే.

ఇక పుస్తకాలు. ఒక పేజీలో ఒక యాపిల్, పక్క పేజీలో రెండు బంతులు, అలా పది వరకు ఉండే పుస్తకాలు నేను పంపలేదు. అవి చెడ్డవని కాదు, ఒకసారి తిరగేస్తే అయిపోతాయి. లెక్క లేకపోతే కథ నడవదు అన్నట్టుండే పుస్తకం కావాలి. అలాంటి ఇంగ్లీషు పుస్తకాలు రెండు పెట్టాను, తెలుగులో చెబుతూ చదువు. ఒకటి 1969లో ఎరిక్ కార్ల్ వేసిన గొంగళిపురుగు కథ. ఆ పురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు పియర్ పళ్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు తింటుంది. పండ్లు పెరిగేకొద్దీ పేజీ వెడల్పూ పెరుగుతుంది, పాప చేత్తో తడిమి చూస్తుంది. పేజీ తిప్పే ముందు ఆగి "రేపు ఎన్ని తింటుందో" అని నీలో నువ్వు అనుకున్నట్టు అను, చాలు.

రెండోది ప్యాట్ హచిన్స్ పుస్తకం, 1986లో వచ్చింది. ఇద్దరు పిల్లలకు వాళ్లమ్మ 12 బిస్కెట్లు చేసి పెడుతుంది. తలా ఆరు. తినబోతుంటే కాలింగ్ బెల్ మోగుతుంది, ఇంకో ఇద్దరు వస్తారు, తలా మూడు. మళ్లీ బెల్లు, మళ్లీ పిల్లలు, తలా రెండు, చివరికి తలా ఒకటి. ఇది చదివాక సున్నుండల డబ్బా తియ్యి. అందులో సరిగ్గా పన్నెండు పెట్టాను, ముందే నువ్వొకటి నోట్లో వేసుకుంటే ఆటంతా చెడుతుంది. పాప, నువ్వు, అల్లుడుగారు, నాన్న. నలుగురికీ ప్లేట్లు పెట్టి పాపనే పంచమను. భాగహారం అనే పేరు దానికి ఇప్పుడు అక్కర్లేదు. "తాతయ్యకు ఒకటి ఎక్కువొచ్చింది" అని అది గొడవపడితే అది చాలు.

సంచిలో అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. దాన్ని నేనే తయారుచేశాను, ఏడు చేపల కథ. బొమ్మలు చూసి నవ్వకు. రాజుకు ఏడుగురు కొడుకులు, వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. మొదటి పేజీలో ఎడమవైపు కొడుకులు, కుడివైపు తాడు మీద చేపలు. ఒక్కో కొడుకు నుంచి ఒక్కో చేపకు పాప పెన్సిల్‌తో గీత గీయాలి. ఎవరూ మిగలకపోతే రెండువైపులా సమానం, లెక్కపెట్టకుండానే తెలిసిపోతుంది. ఇక్కడ పాప కొంచెం తడబడవచ్చు. చేపలకు ఏడు అంటాం, కొడుకులకు ఏడుగురు అంటాం. స్కూల్లో అన్నిటికీ సెవెన్ అని నేర్చుకుంటోంది కదా, ఏడూ ఏడుగురూ ఒకే లెక్కని ఆ గీతలే చెబుతాయి.

తర్వాతి పేజీలో ఒక చేప ఎండలేదు. మరి ఎండినవి ఎన్ని? ఈ ప్రశ్న మా అమ్మ నన్ను ఎన్నడూ అడగలేదు, నేను నిన్నూ అడగలేదు. అందరం "చేపా చేపా ఎందుకు ఎండలేదు" అని పరుగెత్తేవాళ్లమే. ఆ పేజీకి ఒక కాగితం పిల్లిని అంటించాను. దాన్ని కిందికి మడిస్తే రెండు చేపలు దాక్కుంటాయి. కనిపించేవి చూసి పిల్లి కింద ఎన్ని ఉన్నాయో చెప్పాలి. ఇది దానికి ఇప్పుడే రాకపోవచ్చు. రాకపోతే పిల్లిని పైకెత్తి చూసుకోనివ్వు, దొంగతనం అనకు.

అసలు బలమంతా తర్వాత ఉంది. చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ. మా అమ్మ చెప్పిన వరసలో ఇవీ ఏడే! బొమ్మలు గీస్తుంటే ఇప్పుడు కనిపెట్టాను. వీటిని విడి కార్డులుగా కత్తిరించి వెనక జేబులో పెట్టాను. కథ చెప్పాక పాపను వరసగా పేర్చమను. అది వచ్చాక వెనక నుంచి చెప్పించు. చీమ కుట్టింది కాబట్టి పిల్లాడు ఏడ్చాడు, పిల్లాడు ఏడ్చాడు కాబట్టి అవ్వ బువ్వ పెట్టలేదు... అలా చేప దాకా. ముందు ఏది, తర్వాత ఏది, దేనివల్ల ఏది. నేను చెప్పిన ఆ నిపుణ్ భారత్ లక్ష్యాల్లో జరిగినవాటిని వరసలో పెట్టడం కూడా ఉంది. రేపు గుణకారం చేసినా, బీజగణితం చేసినా ఈ ఆలోచనే కావాలి. ఎనభై తర్వాత ఎనభై ఒకటి రాయడంలో ఇది ఎక్కడుంది చెప్పు?

చదివే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. ఇది అల్లుడుగారికి కూడా వినిపించు, ఆయనకు ప్రతిదీ క్విజ్ చెయ్యడం అలవాటు. మొదటిసారి కథ మాత్రమే చదవండి, ఒక్క ప్రశ్న కూడా వద్దు. మళ్లీ చదవమని అదే తెస్తుంది. అప్పుడు ఒకటి అడగండి, ఆ పూటకు చాలు. పేజీకొక "ఎన్ని?" అడిగితే పుస్తకం పరీక్ష హాలైపోతుంది, పిల్ల లేచిపోతుంది. నెదర్లాండ్స్‌లో కిండర్‌గార్టెన్ తరగతుల్లో మూడు నెలలపాటు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించి చూశారు. లెక్కల కోసం రాసినవి కావు, మామూలు కథల పుస్తకాలే. టీచర్లు ప్రశ్నలు కురిపించకుండా, తమలో తాము పైకి అనుకోవడం, ఏమీ తెలియనట్టు నటించడం లాంటివి చేశారు. ఆ పిల్లలు మిగతా తరగతుల వాళ్లకంటే లెక్కల్లో ఎక్కువ మెరుగుపడ్డారు. తెలియనట్టు నటించడం నాన్నకు బాగా వచ్చు. "ఆరు చేపలేగా" అంటే చాలు, పాప ఆయన మీద పడి సరిదిద్దుతుంది.

లెక్కంటే అంకెలే కాదని కూడా గుర్తుపెట్టుకో. పిల్లి బల్ల కింద ఉందా, పక్కన ఉందా? ఏ చెట్టు పొడుగు? బొమ్మలో దూరంగా ఉన్న ఇల్లు చిన్నగా ఎందుకుంది? ఇవీ లెక్కలే. మన బ్రాడీపేటలో అడ్రసే ఒక లెక్క. ముందు అంకె లైను, వెనక అంకె అడ్డరోడ్డు, ఆ రెండూ తెలిస్తే ఎవరిల్లైనా దొరుకుతుంది. గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టడం గుంటూరు రిక్షావాళ్లకు ఎప్పుడో తెలుసు. దసరా సెలవులకు వస్తే అమ్మమ్మ ఇంటి దారిని పాపతో ఇంకో నోట్‌బుక్‌లో బొమ్మలు వేయిస్తాను.

ఇవి అయిపోయాక ఇంకా కావాలంటే ఎక్కువ ఖర్చేం లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీయించు, ఫోన్ మీద పిక్కలు నిలవవు. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థల పుస్తకాలూ తక్కువ ధరకే వస్తాయి. జనవరిలో మీ ఊళ్లో పుస్తకాల పండగ ఉండనే ఉంటుంది, ఈలోగా లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసిరా. బొమ్మలు బాగుంటే చాలు, అట్ట చిరిగినా పర్వాలేదు, నేను అంటించి ఇస్తాను.

స్కూల్ హోంవర్క్ మానిపించమని చెప్పడం లేదు, టీచరుతో పేచీ వద్దు. రోజూ ఏడుపు రాకముందే ఆపేసి, "ఇంతవరకు రాసింది, మిగతావి లెక్కపెట్టి చెప్పింది" అని డైరీలో రాసి సంతకం పెట్టు. టీచరు ఏమైనా అంటే నన్ను మాట్లాడమను, నేను మాట్లాడతాను. నాన్న సోమవారం సాయంత్రం బండికి తిరిగి బయలుదేరతారు, గుడ్డసంచి మాత్రం మర్చిపోకుండా ఆయన చేత పంపించు.

ప్రేమతో,
అమ్మ