కలెక్టర్ గారూ, పంట మార్పిడి రైతు ఒక్కడి చేతిలో లేదు

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. వాతావరణం మారింది, పంట మార్పిడి చేయండని ఏ మీటింగ్‌కి వెళ్లినా చెబుతున్నారు. మాకది కొత్త సంగతేం కాదండి. గరువుల్లో (మెట్ట నేలల్లో) నువ్వులో చోడో (రాగులో) తీసి వెనకే ఉలవ చల్లడం, పల్లంలో వరి వెనక మినుమో పెసరో వేయడం తాతల నాడే ఉంది. అది ఎందుకు తగ్గిపోతోందో చూడమనే ఈ లేఖ.

మినుమునే తీసుకోండి. వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, చేలో అడుగేస్తే పాదం గుర్తు పడేంత తడి ఉండగా, నిలబడ్డ వరిలోనే విత్తనం చల్లాలి. ఆ తడితో, పైన కురిసే మంచుతో పంట చేతికొస్తుంది. వేరు బుడిపెల్లో చేరిన నత్రజని కొంత తర్వాతి వరికి మిగులుతుంది. అదే వంశధార కాలువ శివారుకి నీరు ఆలస్యమైతే ఉభాలు (వరి నాట్లు) ఆగస్టు దాకా సాగుతాయి. దాదాపు 150 రోజుల స్వర్ణ రకం వరి డిసెంబర్‌లో గానీ కోతకు రాదు. అప్పుడు చల్లిన మినుము పూతకొచ్చేసరికి నేల నెర్రెలిస్తుంది. పైగా కూలీలు దొరక్క కోత మిషనే దిక్కు. ముందే చల్లితే మొలకలు చక్రాల కింద నలిగిపోతాయి, కోశాక చల్లుదామంటే తడి ఆరిపోతుంది. దున్నకుండా విత్తే యంత్రాలు మండలానికి కొన్నైనా అద్దెకు దొరికితే ఈ చిక్కు కొంత తీరుతుంది.

తుపాన్ల మాట. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. అప్పటికి ఊరంతా ఒకే రకం వరి పూత మీదుంటే ఊరంతా తాలే. ముందే పండే రకమైతే గండం తప్పుతుందా అంటే, అదీ గింజ బరువుతో నేలకొరుగుతుంది. అందుకే ముంపు తగ్గుల్లో నీట మునిగినా కొన్నాళ్లు తట్టుకునే స్వర్ణ సబ్-1, మెరకల్లో మధ్యకాలిక రకాలు, గరువుల్లో చోడి, నువ్వు అని పిల్లకాలువ వారీగా పంచుకుని వేయాలి. ఆ లెక్క ఒక్కో రైతు తేల్చుకునేది కాదు.

మొక్కజొన్నకి పోయేవాళ్లని నేను తప్పుపట్టను. కొనేవాడు కళ్లం దగ్గరికే వస్తున్నాడు మరి. నార కోసం వేసే గోగు పంట ఎలా కనుమరుగైందో తమకు తెలియంది కాదు. జనపనార మిల్లులు మూతపడ్డాక ఎవరు వేస్తారు? కౌలు రైతుదీ అంతే. ఈ ఏడు అతను మినుము వేస్తే బాగుపడే నేల వచ్చే ఏడు ఇంకొకరి కౌలు. ఇక వరి కోతలవగానే ఊరి పశువుల్ని చేలల్లోకి వదిలేస్తారు, నడుమ ఒక్కడు మినుము వేస్తే అది వాటికి మేతే.

కాబట్టి ఖరీఫ్‌కి ముందు జరిగే సాగునీటి సలహా మండలి సమావేశంలోనే, నీటి విడుదల తేదీతో పాటు వరి తర్వాతి పంటనీ నిర్ణయించండి. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు తట్టుకునే మినుము విత్తనం అక్టోబర్ చివరికల్లా రైతు సేవా కేంద్రాలకు చేర్పించండి. పశువుల కట్టడి గ్రామసభల్లో తీర్మానం చేయించండి. ఆ సలహా మండలి సమావేశానికి శివారు రైతుల్నీ, కౌలుదార్లనీ కొందరినైనా పిలవండి.

ఇట్లు,
నరసన్నపేట వైపు ఒక ఆయకట్టు రైతు