బొమ్మ కింద ముద్రణ సంవత్సరం కూడా వేయండి

సంపాదకులకు,

మధ్యయుగాల అరబ్బు శస్త్రవైద్యం మీద తెలుగు పత్రికల్లో వ్యాసం వస్తే చాలు, పక్కన కత్తులు, కొక్కేలు, పటకార్లు వరుసగా పేర్చిన బొమ్మ ఒకటి ఉంటుంది. దాని కింద ‘వెయ్యేళ్ల కిందట అల్-జహ్రావీ గీసిన పరికరాలు’ అని రాసి ఉంటుంది. మీ ఆదివారం పుటల్లోనూ అదే జరిగింది. జహ్రావీ స్వయంగా గీసిన బొమ్మ ఒక్కటీ ఈనాడు మిగిలి లేదు. మనం చూసేవి ఆయన పోయిన చాలాకాలానికి లేఖకులు తీసిన నకళ్లు, లేదా ఐరోపా అచ్చుకూటాల్లో చెక్క దిమ్మెల మీద చెక్కించిన బొమ్మలు. ఇది పండితుల పేచీగా తీసిపారేయాల్సిన విషయం కాదు. బొమ్మ ఏ ముద్రణలోదో తెలియకుండా ఆ పరికరం ఎలా పనిచేసేదో చెప్పబోతే తప్పు చెబుతాం.

అబుల్ ఖాసిం అల్-జహ్రావీ స్పెయిన్‌లో కొర్దోబా పక్కనున్న మదీనత్ అల్-జహ్రాకు చెందినవాడు. 1013 ప్రాంతంలో మరణించాడు. ఆయన రాసిన ‘తస్రీఫ్’ 30 భాగాల వైద్య గ్రంథం. అందులో చివరి భాగమే శస్త్రవైద్యం. ముందు వాతలు పెట్టడం, తర్వాత కోతలు, కుట్లు, రక్తం తీయడం, ఆఖరున విరిగిన ఎముకలు, తొలగిన కీళ్లు. ఈ భాగాన్ని 12వ శతాబ్దంలో టొలేడోలో క్రెమోనా వాసి జెరార్డ్ లాటిన్‌లోకి మార్చాడు. అచ్చులోకి మాత్రం ముందు వచ్చింది ఇది కాదు. మందుల తయారీ చెప్పే 28వ భాగాన్ని 1471లోనే వెనిస్‌లో నికొలా జెన్సన్ ముద్రించాడు. శస్త్రవైద్యం 1497లో, అదీ వెనిస్‌లోనే, ఫ్రెంచి వైద్యుడు గై ద షోలియాక్ గ్రంథంతో కలిసి ఒకే సంపుటంలో వచ్చింది. తర్వాత స్ట్రాస్‌బుర్గ్‌లో 1532లో, బాజెల్‌లో 1541లో ముద్రణలు వచ్చాయి. అరబ్బీ మూలం అచ్చు చూడటానికి 1778 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ చానింగ్ అరబ్బీని, లాటిన్‌ను కలిపి రెండు సంపుటాలుగా తెచ్చాడు. మన దేశంలో 1908లో లక్నోలో లిథో (రాతి అచ్చు) ముద్రణ వెలువడింది.

అంటే రచయిత మరణానికీ మొదటి అచ్చుబొమ్మకూ నడుమ 480 ఏళ్లకు పైగా ఉంది. ఆ మధ్యలో ఏం పోయిందో చూడాలి.

చేతిరాతలో లేఖకుడు ‘దీని రూపం ఇది’ అని రాసి ఖాళీ వదిలేవాడు. బొమ్మ తర్వాత వేసేవారు, తరచు వేరే మనిషి. ఆ మనిషి ఒక్క ఖాళీ తప్పినా అక్కడినుంచి ప్రతి బొమ్మా పక్క పరికరం పేరుతో నడుస్తుంది. లాటిన్ లేఖకుడికి అరబ్బీ రాదు, శస్త్రవైద్యం అంతకన్నా రాదు. కొక్కెం కొస ఎటు వంగాలో, అంచు ఎటు పదునుగా ఉండాలో అతను ముందున్న ప్రతి చూసి వేయడమే. ఇక చెక్క దిమ్మె దగ్గరికి వస్తే ఇంకో చిక్కు ఉంది. దిమ్మె మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి తిరగబడి పడుతుంది. పెడనలో కలంకారీ దిమ్మెలు చెక్కేవారికి చెప్పనక్కర్లేని సంగతే. చేతిరాత బొమ్మను ఉన్నదున్నట్టు దిమ్మె మీదికి ఎక్కిస్తే కుడివైపు వంపు ఎడమవైపుకు మారుతుంది. పైగా దిమ్మె మీద గీత అంటే చుట్టూ చెక్కేసిన తర్వాత మిగిలిన గట్టు. మరీ సన్నగా చెక్కితే అచ్చుయంత్రం ఒత్తిడికి విరుగుతుంది. అందుకని సూది మొనలాంటి సలాక కాస్తా అచ్చులో మేకులా మొద్దుగా కనిపిస్తుంది. కొలమానం అసలే ఉండదు. వేలెడు పరికరమూ మూరెడు పరికరమూ పుట వెడల్పుకు సరిపడా ఒకే పొడవులో పడతాయి. చాలా పరికరాలను పెద్ద, నడిమి, చిన్న అని మూడు పరిమాణాల్లో చేయించుకోమని జహ్రావీ చెప్పాడు. అచ్చులో అవి మూడూ ఒకదాని పక్కన ఒకటి పడితే చూసేవాడు మూడు వేర్వేరు పరికరాలనుకుంటాడు.

ఇన్ని లోపాలున్న బొమ్మ కంటే దాని పక్కనున్న వచనమే నమ్మదగినది. గర్భద్వారాన్ని తెరిచే మరలపరికరాన్నే తీసుకోండి. పుస్తకాలు బైండు చేసేవారు వాడే బిగింపు చట్రంలా రెండు చెక్కలు, వాటి రెండు కొసల్లో రెండు మరలు ఉండాలంటాడు జహ్రావీ. అయితే మరలు బైండింగువాటికంటే సన్నగా ఉండాలి. చెక్క నల్లచేవ అయినా, బాక్సువుడ్ లాంటి గట్టి కర్ర అయినా కావాలి. ఒక్కో చెక్క వెడల్పు రెండు వేళ్లు, పొడవు జానెడున్నర. రెండింటి మధ్యనుంచి అదే కర్రతో అర జాన పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉన్న కొమ్ములు గట్టిగా దిగేసి ఉండాలి. మరలు తిప్పితే కొమ్ములు విడతాయి. ఈ కొలతలు చేతికిస్తే మన ఊళ్లో వడ్రంగి కూడా ఆ పరికరం చేసిపెట్టగలడు. అదే అచ్చుబొమ్మ ఒక్కటే ఇస్తే ఆ రెండు మరలు దేనికో, కొమ్ములు ఏ దిక్కుకు కదులుతాయో అతనికి అంతుపట్టదు.

మూత్రమార్గంలో ఇరుక్కున్న రాయికి చెప్పిన పద్ధతి ఇంకా బాగుంటుంది. కర్రపిడికి దిగేసిన ఉక్కు సలాక, దానికి మూడు పలకల పదునైన మొన. రాయి వెనక్కి మూత్రాశయంలోకి జారిపోకుండా దాని వెనక అంగాన్ని దారంతో కట్టాలి. సలాకను మెల్లగా రాయి తగిలేదాకా పంపి, చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ తొలవాలి. రంధ్రం పడగానే మూత్రం వచ్చేస్తుంది. అప్పుడు బయటినుంచి వేళ్లతో నొక్కితే మిగిలిన రాయి పొడై మూత్రంతో పోతుంది. ఇది కుదరకపోతే రాయికి వెనకా ముందూ రెండు కట్లు కట్టి నేరుగా రాయి మీదే కోయాలి. ముందు కట్టు ఎందుకంటే, విప్పినప్పుడు చర్మం వెనక్కి వచ్చి గాయాన్ని కప్పేస్తుంది. అచ్చుబొమ్మలో ఇందులో కనిపించేది ఒక పిడి, ఒక మొన. దారం ఊసే ఉండదు.

వాతలకు బంగారం మేలనే పాత మాటను ఆయన ఒప్పుకోలేదు. ఎర్రగా కాలిన ఇనుము రంగు కంటికి తెలుస్తుంది. బంగారం ఎంత కాగిందో రంగునుబట్టి చెప్పలేం. త్వరగా చల్లారుతుంది, మరీ కాల్చామా కరిగి కూర్చుంటుంది. పళ్లు కదిలినప్పుడు కట్టే తీగ దగ్గర మాత్రం బంగారమే వాడమన్నాడు, వెండి కొద్దిరోజులకే పచ్చబడుతుంది కనుక. ధమని తెగి రక్తం ఆగనప్పుడు నాలుగు దారులు చెప్పాడు: వాత పెట్టడం, సగం తెగిన ధమనిని పూర్తిగా తెంచేయడం (అప్పుడు కొసలు ముడుచుకుంటాయి), దారంతో గట్టిగా ముడివేయడం, రక్తం కట్టే మందు వేసి బిగించి కట్టడం. ధమనిని కట్టే పని 16వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ఆంబ్రోజ్ పారేతో మొదలైందని ఇంకా రాసేవారు 1497 సంపుటం ఒక్కసారి తిరగేస్తే చాలు.

అయితే అటువైపు అతిశయోక్తులకూ తక్కువేం లేదు. ప్రసవానికి వాడే ఫోర్సెప్స్‌ను జహ్రావీ కనిపెట్టాడని బొమ్మ చూపించి రాస్తుంటారు. బొమ్మలోని పటకారుకు లోపలివైపు పళ్లుంటాయి. అది కడుపులో చనిపోయిన శిశువు తలను నలిపి బయటికి తీయడానికి. బతికున్న బిడ్డ మీద ప్రయోగించేది కాదు. చీమలతో పేగు కుట్టడం కూడా ఆయన సొంత ఆవిష్కరణని రాస్తారు. కోత అంచులు దగ్గరికి చేర్చి, నోరు తెరిచిన పెద్ద చీమను అక్కడ పట్టి ఉంచాలి. అది కరవగానే మొండెం తెంచేస్తే తల అక్కడే ఉండిపోతుంది. కొందరు ఇలా చేస్తారని ఆయన చెప్పాడంతే. నల్లచీమలతో ఇదే పని సుశ్రుతంలోనూ ఉంది. సుశ్రుతాన్ని బాగ్దాద్‌లో బర్మకీ వజీరు యహ్యా కోసం మంకా అనే భారతీయ వైద్యుడు అరబ్బీ చేశాడు, అల్-రాజీ అనే ప్రసిద్ధ వైద్యుడు దాన్ని ఉదాహరించాడు కూడా. అలాగని జహ్రావీకి ఆ దారినే చేరిందని చెప్పడానికి అది చాలదు.

అచ్చు అయిన వరుస వేరు, రాసిన వరుస వేరు. జహ్రావీ ఎక్కువగా ఆధారపడిన 7వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఈజినా పాల్ గ్రంథం గ్రీకులో 1528లో వెనిస్‌లోని ఆల్డస్ ముద్రణాలయం నుంచి వచ్చింది. శిష్యుడి పుస్తకం గురువు పుస్తకం కంటే 31 ఏళ్లు ముందు అచ్చయిందన్నమాట. రోమన్ రచయిత సెల్సస్ 1478లోనే ఫ్లోరెన్సులో అచ్చయ్యాడు. సుశ్రుత సంహిత మధుసూదన్ గుప్తా చేతిలో కలకత్తాలో 1835-36కు గాని అచ్చు కాలేదు. ముద్రణ తేదీ చూసి ఎవరు ఎవరిదగ్గర నేర్చుకున్నారో తేల్చేవారు ఇక్కడే బోల్తా పడతారు.

మనుషులున్న రంగుల బొమ్మల సంగతి వేరు. వైద్యుడు కూర్చుని వాత పెడుతుంటే రోగి పడుకుని ఉన్న చిత్రాలు జహ్రావీవని తెగ తిరుగుతున్నాయి. అవి అమాస్యాకు చెందిన షరఫుద్దీన్ సబుంజువోగ్లు 1465లో తుర్కీ భాషలో రాసిన గ్రంథంలోవి. వచనం చాలావరకు జహ్రావీదే, బొమ్మలు మాత్రం ఆయనవి కావు. సుశ్రుతుడి శస్త్రాలని మన పత్రికలు వేసే బొమ్మలదీ ఇదే కథ. 101 యంత్రాలు, 20 శస్త్రాలు అని సంహితలో వర్ణన ఉందిగాని బొమ్మలు లేవు. మనం చూసేవి చాలావరకు 20వ శతాబ్దపు ఊహాచిత్రాలు. 1913-14లో కలకత్తాలో గిరీంద్రనాథ్ ముఖోపాధ్యాయ వేసిన రెండు సంపుటాలు అందులో ముఖ్యమైనవి.

డిజిటల్ ప్రతుల్లో వెతికేవారికి కొన్ని మాటలు. 1497 సంపుటం గ్రంథాలయ జాబితాల్లో గై పేరు కింద ఉంటుంది, జహ్రావీ అని కొడితే దొరకదు. ఆయన పేరుకు లాటిన్‌లో వాడిన అల్బుకాసిస్, అబుల్‌కాసిస్, బుల్కాసిస్ అనే రూపాల్లో వెతకాలి. 1519లో ఆగ్స్‌బుర్గ్‌లో అచ్చయిన ‘తస్రీఫ్’ మొదటి రెండు భాగాలైతే అల్సహరావియస్ పేరుతో ఉంటాయి. అల్బుకాసిస్, అల్సహరావియస్ ఒకరేనని చాలాకాలం ఐరోపాలో గుర్తించలేదు. ఆ రోజుల్లో ముద్రకుడి పేరు, ఊరు, తేదీ చాలాసార్లు పుస్తకం ఆఖరున ఉండేవి, మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్యలాగా. మొదటి పుట ఫొటో తీసి తేదీ లేదనుకోవద్దు. రెండు మూడు గ్రంథాలు కలిపి కుట్టిన సంపుటమైతే ప్రతి గ్రంథం చివరా చూడాలి. అంకెలు పుటకు కాదు, ఆకుకు ఒక్కటే వేసేవారు, కాబట్టి 24వ ఆకు అంటే రెండు పుటలు. చుక్కలు, గీతలతో కుదించిన లాటిన్ మాటలను, ‘ఎఫ్’లా కనిపించే పొడవు ‘ఎస్’ను కంప్యూటర్ సరిగా చదవలేదు. అందుకని మాటతో వెతికి దొరకలేదంటే పుస్తకంలో లేదని కాదు. ఇంకొకటి. దిమ్మెలు చెక్కించడం ఖర్చుతో కూడిన పని, ఉన్నవాటినే ముద్రకులు పుస్తకం తర్వాత పుస్తకంలో వాడుకునేవారు. 1532 స్ట్రాస్‌బుర్గ్ ముద్రణ వేసిన యోహాన్ షాట్ 1517లో గెర్స్‌డోర్ఫ్ జర్మన్ యుద్ధవైద్య గ్రంథాన్నీ వేశాడు. ఆ జహ్రావీ ముద్రణలో బొమ్మ కనిపిస్తే ముందు 1517 పుస్తకంతో పోల్చి చూసుకోవాలి.

ఈ సాహిత్యమంతా వెనిస్, ఆక్స్‌ఫర్డ్‌ల సొత్తే అనుకునేవారికి హైదరాబాదు గుర్తుచేయాలి. 1888లో మొదలై ఇప్పుడు ఉస్మానియా ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ అనే అరబ్బీ గ్రంథ ప్రచురణ సంస్థ, ఇబ్న్ అల్-ఖుఫ్ఫ్ రాసిన ‘ఉమ్దా’ను 1937లో రెండు సంపుటాలుగా అచ్చువేసింది. 13వ శతాబ్దంలో జోర్డాన్‌లోని కరక్‌లో పుట్టి డమాస్కస్‌లో పనిచేసిన ఈ వైద్యుడి గ్రంథం 20 భాగాలూ శస్త్రవైద్యానికే. దాని మీద హిజ్రీ 1356 అని ఉంటుంది, అది 1937 మార్చిలో మొదలైన సంవత్సరం. రాజీ మహాగ్రంథం ‘హావీ’ లాటిన్‌లో 1486లోనే బ్రెషాలో అచ్చయింది. అరబ్బీ మూలం మాత్రం 1955 నుంచి సంపుటం వెంట సంపుటంగా ఇక్కడే వెలువడింది. అరబ్బు వైద్యం మీద ఈసారి వ్యాసం వేస్తే మీ విలేఖరిని ముందు తార్నాక వైపు పంపండి.

బొమ్మల విషయంలో అడిగేది ఒక్క వరుసే: ‘అల్-జహ్రావీ గ్రంథానికి లాటిన్ అనువాదం, స్ట్రాస్‌బుర్గ్, 1532, చెక్క అచ్చుబొమ్మ.’ ఆ వివరం దొరకని బొమ్మను వదిలేసి, ఆ చోట మూల వచనంలోని కొలతలు వేయండి.

భవదీయుడు,
పాత వైద్యగ్రంథాల పాఠకుడు, హైదరాబాదు