ప్రభుత్వ పనుల్లో 53 గ్రేడ్ పట్టు సడలాలి

అయ్యా,

2025 సెప్టెంబరు 22న సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పు చేసి ఇల్లు మొదలుపెట్టిన కుటుంబానికి ఇది నిజమైన ఊరట. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వాతావరణానికి ఎక్కువ చేటు చేసే బస్తాకూ, తక్కువ చేటు చేసే బస్తాకూ అప్పుడూ ఒకే పన్ను, ఇప్పుడూ ఒకే పన్ను. పన్నుల సంగతి ఏ ఒక్క రాష్ట్రం చేతిలోనూ లేదు. మరి టెండరు షరతులు? అవి మన రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి. ఇళ్ల కాలనీలు, బడులు, ఆసుపత్రులు, సచివాలయ భవనాలు, మురుగు కాలువల పేరుతో రెండు తెలుగు రాష్ట్రాలూ వాడే సిమెంటు తక్కువేమీ కాదు. అందులో ఏ రకం వాడాలో రాసే కలం ప్రభుత్వానిదే. ఏమీ కలపని మామూలు సిమెంటు (ఓపీసీ), అందులోనూ 53 గ్రేడ్ రకం, బదులు క్లింకరు తక్కువగా ఉండే మిశ్రమ సిమెంటును నియమం చేయాలని కోరడానికే ఈ లేఖ. క్లింకరు అంటే సున్నపురాయిని, మట్టిని కలిపి బట్టీలో కాలిస్తే వచ్చే గట్టి ఉండలు; వాటిని నూరితేనే సిమెంటు.

ప్రపంచవ్యాప్తంగా మనుషుల కారణంగా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. ఇంధనం మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. రాతిలోనే దాగి ఉన్న వాయువది. బట్టీని బొగ్గుతో మండించినా, సౌర విద్యుత్తుతో వేడిచేసినా బయటకు వచ్చి తీరుతుంది. బట్టీలో 1,450 డిగ్రీల వేడి పుట్టించడానికి కాల్చే బొగ్గు పొగ దీనికి అదనం. రెండూ కలిపితే ఒక టన్ను క్లింకరుకు 800 కిలోలకు పైనే. అందుకే సిమెంటులో క్లింకరు వాటా తగ్గించడమే ఇవాళ మన చేతికి అందే చవకైన మార్గం.

సిమెంటే తక్కువ వాడమని మన దేశంలో ఎవరికి చెప్పగలం? మన తలసరి వాడకం ప్రపంచ సగటు కన్నా బాగా తక్కువ. ధనిక దేశాలు తమ వంతెనలు, ఇళ్లు, ఆనకట్టలు ఎప్పుడో కట్టేసుకున్నాయి. మనకు కట్టుకోవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. రేకుల కప్పు కింద వేసవి గడిపే కుటుంబానికి స్లాబు వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ స్లాబు ఏ సిమెంటుతో పడాలన్నదే ప్రశ్న.

కొత్తగా కనిపెట్టవలసింది కూడా ఏమీ లేదు. థర్మల్ కేంద్రాల బూడిదను 15 నుంచి 35 శాతం వరకు కలిపే పీపీసీకి (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు), ఉక్కు కర్మాగారాల కొలిమిలో మిగిలే చిట్టెం, అంటే స్లాగ్, కలిపే పీఎస్‌సీకి (పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటు) భారతీయ ప్రమాణాలు ఏనాటి నుంచో ఉన్నాయి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ఈ రెండింటినీ కాంక్రీటులో వాడవచ్చని స్పష్టంగా చెబుతోంది. దేశంలో అమ్ముడయ్యే సిమెంటులో సగానికి పైగా ఇలాంటి మిశ్రమ సిమెంటే. మన దగ్గర వనరులకూ కొదవ లేదు. ఎర్రగుంట్లలో సిమెంటు కర్మాగారాల పక్కనే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో, రామగుండంలో, కొత్తగూడెంలో బూడిద గుట్టలు జనం ఊపిరితిత్తుల మీద పడుతున్నాయి. విశాఖ ఉక్కు స్లాగ్ ఉండనే ఉంది.

బూడిద ఎల్లకాలం దొరుకుతుందన్న భరోసా లేదు. బొగ్గు కేంద్రాలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. ఆ లోటు తీర్చగలిగేది ఎల్‌సీ3 అనే సిమెంటు. సుమారు 50 శాతం క్లింకరు, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం దీని పాళ్లు. బంకమట్టిని 700 నుంచి 850 డిగ్రీల వరకు కాలిస్తే చాలు. పైగా కాలేటప్పుడు మట్టి నుంచి పోయేది నీటి ఆవిరే. మామూలు సిమెంటుతో పోలిస్తే ఉద్గారాలు 30 నుంచి 40 శాతం తగ్గుతాయి. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఆచార్యురాలు కరెన్ స్క్రివెనర్, క్యూబాలో ఫెర్నాండో మార్టిరేనా, మన ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐఐటీలు కలిసి దీన్ని పరీక్షించి నిలబెట్టాయి. ఝాన్సీలో దీనితో నమూనా ఇల్లు కట్టారు. 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18189 పేరుతో దీనికి ప్రమాణం కూడా ఇచ్చింది. ఇక ప్రయోగదశ అని తప్పించుకునే వీలు లేదు.

కాల్చిన మట్టి అనగానే పెదవి విరిచేవారికి ఒక మాట. కాల్చిన ఇటుకల పొడిని, అంటే సుర్కీని, సున్నంతో కలిపి గానుగలో నూరి కట్టిన కట్టడాలు దేశమంతటా ఉన్నాయి. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ ఆనకట్ట సుర్కీ గారతో కట్టినదే. భాక్రా ఆనకట్ట కాంక్రీటులోనూ కాల్చిన మట్టి పొడి కలిపారు. నీటి ఒత్తిడిని దశాబ్దాలుగా మోస్తున్న ఆనకట్టలకు పనికొచ్చిన పదార్థం మన రెండు గదుల ఇంటికి పనికిరాదా?

సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. నా అనుభవంలో అడ్డంకి శాస్త్రంలో లేదు, 53 అనే అంకె మీద ఉన్న మమకారంలో ఉంది. ఆ సిమెంటు 28 రోజులకు చేరవలసిన కనీస బలం 53 మెగాపాస్కల్‌లు అని ఆ అంకెకు అర్థం. బస్తా మీద 53 అని ఉంటే గట్టిదని, పీపీసీ అంటే బూడిద కలిపిన నాసిరకమని మేస్త్రీ నమ్ముతాడు, గుత్తేదారు నమ్ముతాడు, ఇంటి యజమానీ నమ్ముతాడు. చివరికి అంచనాలు తయారుచేసే మా ఇంజినీర్లూ ఆ అంకెనే రాసేస్తారు. పీపీసీకి ప్రమాణం అడిగే కనీస బలం 28 రోజులకు 33 మెగాపాస్కల్‌లు. ఇంటి స్లాబుకు ప్రమాణం అడిగే కనీస కాంక్రీటు ఎం20, అంటే 28 రోజులకు 20 మెగాపాస్కల్‌ల బలం ఉండేది. మంచి పీపీసీతో, సరైన పాళ్లతో ఆ బలం తేలిగ్గా వస్తుంది. 53 గ్రేడ్‌ను గోడల ప్లాస్టరింగ్‌కూ వాడేస్తున్నారు. తొందరగా వేడెక్కే ఆ సిమెంటు వల్ల కూడా గోడ నిండా సన్నటి పగుళ్లు వస్తున్నాయని గమనించేవారు తక్కువ. తీరప్రాంతంలో నష్టం ఇంకా ఎక్కువ. ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడిన ఇళ్లు ఉప్పాడలో, మచిలీపట్నంలో కావలసినన్ని కనిపిస్తాయి. ఉప్పును లోపలికి రానివ్వకుండా ఆపడంలో బూడిద, స్లాగ్, కాల్చిన మట్టి కలిసిన కాంక్రీటే మేలు.

అయితే ఈ సిమెంట్లకు ఒక నియమం ఉంది. నీళ్లు. దీని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే అసలు దెబ్బ ఇక్కడే తగులుతోంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని, ఎండలు మండే కాలంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదని, మిశ్రమ సిమెంటుకు దాన్ని 14 రోజులకు పెంచితే మంచిదని ఐఎస్ 456 చెబుతోంది. ఊరి చివర పొలాల్లో వేసిన లేఅవుట్లలో ఇది ఎలా జరుగుతోందో వెళ్లి చూడండి. మే నెలలో స్లాబు వేస్తారు. మర్నాడు గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. మూడో రోజుకు గట్లు ఎండి నెర్రెలిస్తాయి. పిల్లర్లకు చుట్టిన గోనె సంచులు కరకరలాడుతుంటాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందంటే ఎవరూ చెప్పరు. నేను చూసిన ఒక కాలనీలో స్లాబుల మీద పగుళ్లు తేలగానే అందరూ తిట్టింది సిమెంటునే. నీళ్లు పెట్టని సంగతి ఎవరూ ఎత్తలేదు. క్యూరింగ్, అంటే ఇలా తడిగా ఉంచే పని, ఖర్చు కాంక్రీటు రేటులోనే కలిసి ఉంటుంది కాబట్టి, నీళ్లు పెట్టకపోతే ఆ డబ్బు గుత్తేదారుకు మిగులుతుంది. క్యూరింగ్‌ను విడిగా కొలిచి, రోజువారీ ఫోటోలు చూసి విడిగా చెల్లించే పద్ధతి పెట్టాలి. కొత్త లేఅవుట్‌లో ఇళ్ల పని మొదలయ్యేలోపే బోరు, తొట్టి ఉండాలి. ఇవి లేకుండా మిశ్రమ సిమెంటును తప్పనిసరి చేస్తే పేదవాడి ఇల్లే పాడవుతుంది, మంచి పదార్థానికి చెడ్డపేరూ వస్తుంది.

మట్టి విషయంలోనూ ముందుచూపు అవసరం. అన్ని మట్టులూ ఎల్‌సీ3కి పనికిరావు. కేయొలినైట్ అనే ఖనిజం 40 శాతమైనా ఉండాలి. నల్లరేగడి తగదు. ద్వారకా తిరుమల పరిసరాల్లో తవ్వే బంకమట్టి లాంటి నిక్షేపాలను, పింగాణీ పరిశ్రమకు పనికిరాదని గనుల్లో వదిలేసే మట్టిని ముందు పరీక్షించాలి. ఇటుక బట్టీల కోసం పంటపొలాల పైమట్టిని గీకేసిన అనుభవం మనకు చాలు. ఈ మట్టిలో ఇనుము ఉంటే సిమెంటు ఎర్రగా వస్తుంది, కొనేవారు అనుమానపడతారు. కాల్చి చల్లార్చే తీరు మారిస్తే ఆ రంగును అదుపు చేయవచ్చు.

ఒక లెక్క చెబుతాను. చదరపు అడుగుకు 0.4 బస్తా అని మేస్త్రీలు వేసే లెక్కన, 600 చదరపు అడుగుల ఇంటికి 240 బస్తాలు, అంటే 12 టన్నులు. అంతా ఓపీసీ అయితే ఆ సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 10 టన్నులు. ఎల్‌సీ3తో అందులో 3 నుంచి 4 టన్నులు తగ్గుతాయి. ప్రభుత్వాలు కట్టించే ఇళ్లు లక్షల్లో ఉంటాయి.

2025 అక్టోబరులో కేంద్రం సిమెంటు కర్మాగారాలకు ఉద్గార తీవ్రత (టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు వెలువడుతుందన్నది) లక్ష్యాలు నిర్దేశించింది. తయారుచేసేవారికి ఒత్తిడి మొదలైంది, కొనేవారికి ఇంకా లేదు. గృహనిర్మాణ పథకాల్లోనూ అమరావతి భవనాల్లోనూ పీపీసీ లేదా పీఎస్‌సీ వాడకమే నియమంగా, ఓపీసీ మినహాయింపుగా ఉండాలి. ప్రీస్ట్రెస్డ్ గర్డర్ల (ఉక్కు తీగలను బిగించి పోసే వంతెన దూలాలు) వంటి చోట ఓపీసీ కావాలంటే ఇంజినీరు కారణం రాసి సంతకం పెట్టాలి. ప్రతి జిల్లాలో ఒక ప్రభుత్వ భవనమైనా ఎల్‌సీ3తో కట్టి, దాని పరీక్ష ఫలితాలను ప్రజలకు అందుబాటులో పెట్టాలి. పని జరిగే చోట అంచనా వ్యయం, గుత్తేదారు పేరు రాసే బోర్డు మీదే వాడుతున్న సిమెంటు రకం, స్లాబు వేసిన తేదీ, క్యూరింగ్ పూర్తికావలసిన తేదీ కూడా రాయించాలి. వేసవి స్లాబుల పనులు ఊపందుకోకముందే ఈ ఉత్తర్వు ఇవ్వాలని రెండు రాష్ట్రాల గృహనిర్మాణ శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
ఏలూరు