కామిక్స్ పాఠకుల సంఘం వార్షిక నివేదిక: కీస్టోన్ సిటీతో గడిచిన ఏడాది

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలోని మన సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందే ఈ నివేదిక మీకు అందాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేరుగా జరిగిన పనుల్లోకి వస్తాను.

నెలవారీ చదువు కూటాలు ఈ ఏడాది ఆగలేదు. మంచు బాగా పడిన రోజుల్లో జూమ్‌లో, మిగతాప్పుడు నోవై, ట్రాయ్‌లలో సభ్యుల ఇళ్లలో జరిగాయి. వేసవిలో పిల్లలకు బొమ్మల క్లాసు నడిపాం. ఉగాది వేడుకల్లో పుస్తకాల స్టాలు పెట్టాం. వీటి ఫోటోలు, వివరాలు ఎప్పటికప్పుడు వాట్సాప్‌లో పెట్టాను.

కీస్టోన్ సిటీ అనే కామిక్స్ ఊరి మీద ప్రదర్శన, చర్చ పెట్టి జరిపిన సాయంత్రం గురించి మాత్రం వివరంగా రాయాలి. మన సంఘం ఇంత పెద్ద పని ఇదివరకు చేయలేదు.

బ్యాట్‌మన్ ఊరు గోథమ్, సూపర్‌మన్ ఊరు మెట్రోపొలిస్ అంటే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మెరుపు వేగంతో పరిగెత్తే హీరో ఫ్లాష్ ఊరేది అంటే మాత్రం మనవాళ్లలో చాలామంది సెంట్రల్ సిటీ అన్నారు. ఫ్లాష్ పేరుతో వచ్చిన రెండో హీరో బారీ అలెన్ వరకు అది నిజమే. కానీ 1940లో గార్డ్‌నర్ ఫాక్స్, హ్యారీ లాంపర్ట్ సృష్టించిన మొదటి ఫ్లాష్, జే గారిక్‌ది కీస్టోన్. ఫ్లాష్ కామిక్ 1961 సెప్టెంబరు సంచికలో బారీ అనాథ పిల్లలకు వినోదం చూపిస్తూ విపరీతమైన వేగంతో కంపించి ఇంకో భూమి మీదికి వెళ్లిపోతాడు. తను కామిక్స్‌లో చదివిన జే అక్కడ కీస్టోన్‌లో భార్య జోన్‌తో కాపురం చేస్తూ కనిపిస్తాడు. ఇన్నేళ్లుగా మనం చూస్తున్న సమాంతర లోకాల కథలకు డీసీ కామిక్స్ కంపెనీలో దారి వేసింది ఆ సంచికే. తర్వాత 1985-86లో ఆ సమాంతర భూములన్నిటినీ డీసీ ఒకటి చేసినప్పుడు రెండు ఊళ్లూ ఒకే నదికి చెరో ఒడ్డున స్థిరపడ్డాయి. కీస్టోన్ కాన్సస్ వైపు, సెంట్రల్ సిటీ మిస్సోరీ వైపు.

అయితే ఆ ఊరికి పొగ, మసి, షిఫ్టు సైరన్ లాంటివన్నీ అబ్బింది 2000 తర్వాతే. అప్పుడు రచన చేపట్టిన జెఫ్ జాన్స్ మన డెట్రాయిట్‌లోనే పుట్టినవాడు. స్కాట్ కాలిన్స్ బొమ్మలతో కలిసి కీస్టోన్‌ను కార్మికుల ఊరిగా తీర్చిదిద్దాడు, ఈ ఊరినే మనసులో పెట్టుకుని. 2005 దాకా సాగిన ఆ సంచికల్లో ఊరి కష్టం ఊరి ఫ్యాక్టరీల్లోంచే వస్తుంది. గర్డర్ అనే విలన్‌ను చూడండి. అతను టోనీ వుడ్‌వర్డ్ అనే ఉక్కు కార్మికుడు. తోటి కార్మికురాలి మీద అఘాయిత్యం చేస్తే, మిగతా కార్మికులు కోపం పట్టలేక కరిగిన ఉక్కు తొట్టిలోకి నెట్టేశారు. ఆ తొట్టిలో ఒక ప్రయోగశాల తుక్కు కూడా కలవడంతో ఇనుప మనిషిగా బయటికొచ్చాడు. ఒళ్లంతా తుప్పు పడుతూ ఉంటుంది. ఒకప్పుడు విలన్‌గా తిరిగిన గోల్డ్‌ఫేస్ ఈ ఊళ్లో యూనియన్ నాయకుడు. ఆఖరికి ఆ సంచికల్లోని ఫ్లాష్ వాలీ వెస్ట్ కూడా, ఫ్లాష్ తనేనన్న సంగతి జనం మరిచిపోయాక, కీస్టోన్ పోలీసుల గ్యారేజీలో మెకానిక్‌గా పని చేస్తాడు. మనలో ఎంతమంది ఆటో కంపెనీల్లో పని చేస్తున్నామో తెలుసు కదా. ఈ కథ మనవాళ్లు చదవకపోతే ఇంకెవరు చదవాలి అన్న పట్టుదలతోనే కార్యవర్గంలో ఈ ప్రతిపాదన పెట్టాను.

ముందుగా పిల్లల్ని డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌కు తీసుకెళ్లాం. డియెగో రివెరా 1932-33లో గీసిన 27 కుడ్యచిత్రాలు అక్కడున్నాయి. ఖర్చు భరించింది ఎడ్సెల్ ఫోర్డ్. ఉత్తరపు గోడ మీద ఫోర్డ్ వీ8 ఇంజను తయారీ, దక్షిణపు గోడ మీద కారు బాడీ పని. ఆ గోడల నిండా మనుషులే, వంగి, లాగి, మోస్తూ. పిల్లలు అక్కడే నేల మీద కూర్చుని స్కెచ్ పుస్తకాలు తీశారు. తర్వాత వాళ్లు గీసిన కీస్టోన్ బొమ్మల్లో ఫ్లాష్ ఓ మూలకు చేరి, మధ్యలోకి కార్మికులు వచ్చారు. వాళ్లకు ఎవరూ అలా గీయమని చెప్పలేదు.

ప్రదర్శనలో సభ్యులు ఇచ్చిన పాత సంచికలు ఒకవైపు, డెట్రాయిట్ చరిత్ర ఇంకోవైపు పెట్టాం. 1913లో హైలాండ్ పార్క్‌లో కదిలే అసెంబ్లీ లైను, 1914లో రోజుకు అయిదు డాలర్ల కూలి, 1936-37లో ఫ్లింట్‌లో కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని 44 రోజులు చేసిన సమ్మె. కారు రేకులను అచ్చుల్లో నొక్కే స్టాంపింగ్ ప్లాంటులో రిటైరైన మన పెద్దాయన ప్రెస్ ఎలా పడుతుందో, ఒక డై (అచ్చు) మార్చడానికి ఒకప్పుడు ఎంతసేపు పట్టేదో, చేతులు పోగొట్టుకున్న తోటివాళ్లు ఎలా బతికారో చెప్పారు. హాల్లో చప్పుడు లేకుండా విన్నారు.

చర్చ కూడా గట్టిగానే జరిగింది. గర్డర్‌ను తొట్టిలోకి నెట్టడం న్యాయమా కాదా అని మన మహిళా సభ్యులు లేవనెత్తిన ప్రశ్న గంటసేపు నడిచింది. ఆ కార్మికురాలికి కథలో మాట్లాడే చోటే ఇవ్వలేదన్నది వాళ్ల అభ్యంతరం, నేను దాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో మాట నా తరఫున కూడా అక్కడ చెప్పాను. డెట్రాయిట్ జనాభా 1950లో పద్దెనిమిదిన్నర లక్షలు, 2020లో ఆరు లక్షల ముప్పై తొమ్మిది వేలు. 2013లో నగరం దివాలా తీసింది. కామిక్స్‌లో కీస్టోన్ ఇన్ని దాడులు తట్టుకుంది కానీ ఇలా ఖాళీ అయిన ఊరు కాలేదు. పని పోయాక ఊరికి ఏమవుతుందో జాన్స్ రాసి ఉంటే ఆ కథకు ఇంకా బలం వచ్చేదని నా అభిప్రాయం.

ఇది జరగడానికి కారణమైనవాళ్లకు కృతజ్ఞతలు. ప్రాణంగా దాచుకున్న సంచికలు నమ్మి ఇచ్చిన సభ్యులకు, పులిహోర, దద్దోజనం చేసి తెచ్చిన కాంటన్ అక్కలకు, సౌండ్ సిస్టమ్ ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, పోస్టర్లు తెలుగులో తప్పుల్లేకుండా దిద్దిన మాస్టారికి, బల్లలు మోసిన హైస్కూలు పిల్లలకు, కారు పార్కింగ్ దగ్గర చలిలో నిలబడ్డ అన్నయ్యలకు, అన్నిటికీ వెనక నిలబడ్డ అధ్యక్షుల వారికి.

పిల్లలు బల్లలు ఎందుకు మోయాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. వాలంటీర్ల జాబితాలో పేరు రాసుకున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆ రోజు రాలేదు. రాలేమని ఒక మెసేజ్ పెట్టినా వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. హాలు విషయంలో పడ్డ టెన్షన్ ఇంకో ఎత్తు. హాలువాళ్లు రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతిని చివరి వారంలో మార్చి, సంచికలు ఉంచే అద్దాల పెట్టెలు పెట్టకూడదన్నారు. ఈమెయిళ్లకు జవాబు లేదు. ముఖ్య అతిథిగా వస్తానని ఒప్పుకున్న అధికారి రాలేదు, కబురూ లేదు. పిల్లలు ఆయన కోసం పూలగుచ్ఛం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడడం చూసి నాకు చాలా బాధేసింది. వచ్చే ఏడాది అతిథులు లేకుండానే చేద్దామని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపారు, ఆడిట్ అయింది. లోటు లేదు. సందేహాలుంటే సమావేశంలో అడగండి.

వచ్చే ఏడాదికి ఒకే పని ప్రతిపాదిస్తున్నాను. కీస్టోన్ కథలను మొదటి నుంచి ఏ వరుసలో చదవాలో తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారు చేయాలి. దీనికి అయిదుగురు కావాలి. పేరు ఇస్తే పని చేసేవాళ్లే ఇవ్వండి. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు సమావేశం రోజునే తీసుకుంటారు. ప్రదర్శనకు ఇచ్చిన సంచికలు ఇంకా తీసుకోనివాళ్లు ఆ రోజే రసీదు చూపించి నా దగ్గర తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి