గర్భసంచి తీశాక అండాశయాల సంగతి ఎవరు చెప్పాలి? – ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను ప్రసూతి వార్డుల్లోనూ, ఆపరేషన్ థియేటర్లలోనూ స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొంది, కాశీబుగ్గలో ఉంటున్నాను. చుట్టుపక్కల ఆడవాళ్లు, ముఖ్యంగా జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, స్కానింగ్ రిపోర్టులు చదివించుకోవడానికి నా దగ్గరకు వస్తూ ఉంటారు. గర్భసంచి తీయించుకున్న కొన్నేళ్లకు పొత్తికడుపులో నొప్పి వచ్చి స్కానింగ్ చేయిస్తే అండాశయంలో సిస్టు (నీటితిత్తి) ఉందని తేలుతుంది. "గర్భసంచే లేదు కదమ్మా, ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతారు. అప్పట్లో అండాశయాలు తీశారో ఉంచారో వాళ్లకు తెలియదు. డిశ్చార్జి కాగితం చూద్దామంటే, గర్భసంచి ఆపరేషన్ చేసినట్టు ఇంగ్లీషులో ఒక ముక్క తప్ప మరేమీ ఉండదు.

ఇది నలుగురైదుగురికి పరిమితమైన సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉంటే, మన రాష్ట్రంలో 8 శాతం దాటారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అది ఇకముందు జరిగే ఆపరేషన్లకు పనికొస్తుంది. ఇప్పటికే ఆపరేషన్ అయిపోయి, ఇంకా ముప్పై నలభై ఏళ్లు బతకవలసిన వారి సంగతి మీ ముందుంచడానికే ఈ లేఖ.

గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచినప్పుడు, ముట్లు ఆగినా అండాశయాలు మాత్రం పని చేస్తూనే ఉంటాయి. నెలనెలా అండం తయారయ్యే క్రమంలో ఏర్పడే నీటి సిస్టులు గర్భసంచి ఉన్నవారికి వచ్చినట్టే వీరికీ వస్తాయి, చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతట అవే కరిగిపోతాయి. ఇంకా ముట్లుడిగే వయసు రాని స్త్రీకి, లోపల గదులు గానీ గట్టి భాగం గానీ లేకుండా 5 సెంటీమీటర్ల లోపున్న సిస్టుకు సాధారణంగా చికిత్సే అవసరం లేదని, 5 నుంచి 7 వరకు ఉంటే ఏటా స్కానింగ్ చాలునని, అంతకు మించితేనే ఎంఆర్‌ఐ గానీ ఆపరేషన్ గానీ ఆలోచించాలని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిస్టు కరగాలని గర్భనిరోధక మాత్రలు రాసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది గానీ, ఉన్న సిస్టు వాటివల్ల తొందరగా కరగదని పరిశోధనల్లో తేలింది. పాత ఆపరేషన్ వల్ల పేగులు, పొరలు అతుక్కున్న చోట అండాశయం నుంచి ఊరే నీరు చిక్కుకుపోయి సిస్టులాగే కనిపించడమూ ఉంది. దాన్ని కోసి తీసినా మళ్లీ చేరవచ్చు.

మరోవైపు, ముట్లుడిగిన వయసులో కనిపించే సిస్టును తేలిగ్గా తీసుకోకూడదు. స్కానింగ్‌లో కనిపించే లక్షణాలను, సీఏ–125 రక్తపరీక్షను, ముట్లుడిగాయా లేదా అన్నదాన్ని కలిపి క్యాన్సర్ అనుమానాన్ని లెక్కకడతారు. ఆ లెక్కలో గర్భసంచి లేని స్త్రీ 50 దాటితే ముట్లుడిగినట్టే భావిస్తారు. కానీ ముప్పై అయిదుకే గర్భసంచి పోగొట్టుకుని ఇప్పుడు నలభై అయిదులో ఉన్న మనిషిని ఏ వైపు చేర్చాలి? ముట్లుడిగే లక్షణాలైన వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడిగి తెలుసుకునే తీరిక వైద్యులకు ఉండాలి. నేను చూసినంతలో ఆ ప్రశ్న అడిగేవారు తక్కువ. అందువల్ల కొందరికి అక్కరలేని రెండో ఆపరేషన్ జరుగుతోంది, కొందరిని గ్యాస్ మాత్రలిచ్చి పంపేస్తున్నారు.

రెండో ఆపరేషన్ మొదటిదానంత సులువు కాదు. అతుకుల మధ్య మూత్రనాళం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం, దానికి గాయమైతే కిడ్నీకే ముప్పు. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో మీకు నేను చెప్పనక్కరలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని మింగే అక్కడి కవిటి, సోంపేట, మందస ఆడవాళ్లకు, సిస్టు కంటే కిడ్నీలను దెబ్బతీసే ఆ మాత్రే ఎక్కువ కీడు చేయవచ్చు. పలాస కిడ్నీ ఆసుపత్రికి వచ్చే స్త్రీలను పొత్తికడుపు నొప్పి గురించి, మింగే మాత్రల గురించి కూడా అడగాలని ఆదేశిస్తే అదనపు ఖర్చేమీ కాదు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా గర్భసంచి తీసిన ప్రతి స్త్రీకి తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ఎందుకు తీశారు, గర్భసంచి ముఖద్వారం ఉంచారా, ఏ పక్క అండాశయం ఉంది, తీసిన భాగం బయాప్సీలో ఏమి తేలింది అన్నవి అందులో ఉండాలి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు గనుక గంటల్లో పెద్దాసుపత్రికి రావాలన్న హెచ్చరిక కూడా అందులోనే ఉండాలి. వయసులోనే రెండు అండాశయాలూ తీసేసిన వారికి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరగడం వివరించి, హార్మోన్ చికిత్స ఎవరికి తగునో చెప్పే బాధ్యత ఆపరేషన్ చేసిన ఆసుపత్రిదే కావాలి. పాత ఆపరేషన్ల విషయానికొస్తే, కేసు షీట్లు చెదలు పట్టకముందే వెతికించి, అడిగినవారికి నకలు ఇప్పించండి.

శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విజయనగరం సర్వజన ఆసుపత్రిలోనూ గైనకాలజీ విభాగాలున్నాయి. ఇచ్ఛాపురం నుంచి ఒక మనిషి శ్రీకాకుళం వచ్చి చూపించుకుని వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. వారంలో ఒక రోజు ఇలాంటి వారికి కేటాయించి, స్కానింగ్, రక్తపరీక్ష, డాక్టరు సలహా ఒకే పూటలో ముగిసేలా ఏర్పాటు చేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
పదవీ విరమణ పొందిన ఒక స్టాఫ్ నర్సు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.