ఏసీ నీటి పంపులు: ఆదివారం తనిఖీ

అందరికీ నమస్కారం.

ఎండలు ముదరకముందే ఏసీ నీటిని బయటికి తోడే పంపులను ఒకసారి చూసుకుందాం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు టెక్నీషియన్ వస్తున్నారు. పై అంతస్తు నుంచి మొదలుపెడతారు. పంపు ఉన్నవారు శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబరు ఇక్కడ రాయండి.

సొంతంగా శుభ్రం చేసుకునేవారు ముందు ఏసీకి, పంపుకు కరెంటు ఆపండి. పంపు కింద నీళ్లు చేరే తొట్టె విప్పితే అడుగున జిగటగా పాచి కనిపిస్తుంది. చిక్కంతా దానితోనే. అది ఫ్లోట్‌కు (నీటితో పాటు పైకి తేలి పంపును ఆన్ చేసే ముక్కకు) పట్టుకుంటే ఫ్లోట్ పైకి లేవదు, పంపు ఆన్ కాదు, నీళ్లు గోడ వెంట దిగుతాయి. గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగండి. మళ్లీ బిగించి, కరెంటు ఇచ్చి, తొట్టెలో మెల్లగా నీళ్లు పోయండి. పంపు దానంతట అదే ఆన్ అయి, నీళ్లు తోడేసి ఆగాలి. ఆగిన వెంటనే పైపులోని నీళ్లన్నీ తొట్టెలోకి తిరిగి వస్తుంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ను టెక్నీషియన్‌కు చూపించండి.

కొత్తగా పెట్టించుకునేవారికి ఒక మాట. నీళ్లు వాలులో వాటంతటవే బయటికి పోయే వీలుంటే పంపు అవసరమే లేదు. తప్పదంటే పంపును మట్టంగా బిగించాలి, పైపు ఎక్కడా మడతపడకూడదు. తొట్టె నిండితే ఏసీని ఆపేసే సేఫ్టీ స్విచ్ వైర్లు కలిపారో లేదో దగ్గరుండి చూసుకోండి. ఇల్లు తడవకుండా కాపాడేది అదే!

ఆదివారం ఊళ్లో ఉండనివారు తాళంచెవి పక్కింటివారికి ఇచ్చి వెళ్లండి.