క్యాడెట్ల చేతిలో రంగు బ్రష్ గురించి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రి రాసిన లేఖ చదివాను. కొడుకు నౌకా శిక్షణలో ఉన్నాడట. వేసవి ప్రయాణానికి ముందు మూడు వారాలుగా శిక్షణ ఓడ మీద తుప్పు గీకడం, రంగు వేయడం, గ్రీజు పూయడం తప్ప మరో పని లేదట. ఓడ నడపడం నేర్పమని పంపిస్తే కూలి పని చేయిస్తున్నారని, ఈ రోజులు తగ్గించి సిమ్యులేటర్ (గదిలో తెరల మీద ఓడ నడపడం నేర్పే యంత్రం) క్లాసులు పెంచాలని ఆయన కోరారు. కన్నవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆయన కోరినట్టు చేస్తే నష్టపోయేది ఆ అబ్బాయే. సరుకు ఓడల మీద చాలా ఏళ్లు తిరిగి, చివరి ఏడేళ్లు శిక్షణ ఓడలో చీఫ్ ఆఫీసర్‌గా క్యాడెట్లతో, అంటే శిక్షణలో ఉన్న పిల్లలతో, గడిపినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి రోజు పొద్దున క్యాడెట్లకు బ్రష్ ఇచ్చే ముందు నేనూ, డెక్ పనివాళ్ల పెద్ద అయిన మా సరంగూ వాళ్లను ఓడంతా తిప్పి, రంగు తగలకూడని చోట్లు చూపించేవాళ్లం. దానికే ఒక పూట పట్టేది. గ్రీజు ఎక్కించే నిపుల్ మీద రంగు పడితే గ్రీజు లోపలికి పోదు, కొన్నాళ్లకు బేరింగ్ బిగుసుకుపోతుంది. డెక్ తలుపు అంచున ఉండే రబ్బరు మీద పడితే అది గట్టిపడి, తలుపు ఎంత బిగించినా అల కొట్టినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి. రేవులో ఓడకు దారి చూపే పైలట్ ఎక్కే తాడు నిచ్చెన చెక్క మెట్లకు రంగు వేస్తే చెక్కలో పగులు కంటికి కనిపించదు, అందుకే వాటిని అలాగే వదిలేస్తారు. అన్నిటికన్నా నేను ఎక్కువ చెప్పేది డ్యాంపర్ల గురించి. ఇంజిన్ రూమ్‌లో మంట లేస్తే గాలి అందకుండా మూసేసే రేకులవి. ఒక ఓడలో అలాంటి డ్యాంపర్‌ను నేను స్వయంగా చూశాను. కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తేగానీ కదల్లేదు. ఇరుసు దగ్గర రంగు పొరలు పేరుకుపోయి అతుక్కుపోయింది. నిజంగా మంట లేచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ వణుకు పుడుతుంది.

ఇంకో సంగతి చెబుతాను. ఒక ఏడాది బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు, రెండో సంవత్సరం అమ్మాయి ఒకతి లైఫ్ రాఫ్ట్ (ఓడ మునిగితే గాలి నిండి తేలే తెప్ప) ఉండే ఊయల లాంటి స్టాండు కింద తుప్పు గీకుతోంది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "సార్, ఈ తాడు పుస్తకంలో బొమ్మలో ఉన్నట్టు లేదు" అంది. వెళ్లి చూశాను. ఓడ మునిగితే నాలుగు మీటర్ల లోతు లోపే నీటి ఒత్తిడికి హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న పరికరం కట్టు కోసేస్తుంది. రాఫ్ట్ పైకి తేలుతుంది, దాన్ని ఓడకు కలిపే తాడు లాగుడుకు గాలి నిండుతుంది. తర్వాత వీక్ లింక్ అనే బలహీనమైన ముడి తెగి, ఓడ నుంచి రాఫ్ట్ విడిపోతుంది. అక్కడ మాత్రం ఆ తాడును వీక్ లింక్‌కు కాకుండా నేరుగా డెక్ మీది ఇనుప కొక్కేనికి కట్టేశారు. ఓడ మునిగితే రాఫ్ట్ కూడా దాని వెంటే కిందికి పోతుంది. సర్వీసింగ్ నుంచి తిరిగి వచ్చినప్పుడు ఎవరో అలా కట్టారు. ఆ వారం చెక్‌లిస్టులో దాని ఎదురుగా ఉన్న సంతకం నాది. నడుచుకుంటూ వెళ్లి చూసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలు దాని పక్కనే పని చేసింది కాబట్టి పట్టుకుంది. ఆ సాయంత్రం మిగతా రాఫ్ట్‌లన్నీ ఆమెతోనే చూపించాను.

బయలుదేరే ముందు చేసే పని ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1957 సెప్టెంబర్‌లో జర్మన్ శిక్షణ నౌక పామిర్ అట్లాంటిక్ తుపానులో మునిగిపోయింది. అందులో ఉన్న 86 మందిలో ఆరుగురే బతికారు. పోయినవాళ్లలో చాలామంది క్యాడెట్లే, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు. విడిగా పోసిన బార్లీ గింజలు ఒక పక్కకు జరిగిపోవడం ఆ ఓడ ఒరిగిపోవడానికి ఒక ముఖ్య కారణం. సరుకును రేవులో ఉండగానే కదలకుండా చేయాలి. తుపాను మధ్యలో చేతికి అందదు.

ఇంజిన్ క్యాడెట్ల పని ఎవరికీ కనిపించదు, ఫొటోల్లోకి రాదు. కరెంటు పోయినప్పుడు ఎమర్జెన్సీ జనరేటర్ తనంతట తాను లేచి 45 సెకన్లలోపు సరఫరా ఇవ్వాలి. ఆ పరీక్ష కోసం కావాలనే ఓడంతా చీకటి చేస్తారు. వాచీ పట్టుకుని లెక్కపెడుతూ నిలబడ్డ క్యాడెట్ ముఖంలో ఆ క్షణం ఉండే టెన్షన్ నేను ఎన్నోసార్లు చూశాను. బయలుదేరే ముందు 12 గంటల్లోపు చుక్కానిని ఒక చివర నుంచి రెండో చివరకు తిప్పి చూడాలి. ఓడలో నాలుగో వంతుకు మించి సిబ్బంది అంతకుముందు నెలలో ఆ ఓడ మీద డ్రిల్లులు చేయకపోతే, రేవు విడిచిన 24 గంటల్లోపు అగ్నిమాపక, ఓడ విడిచే డ్రిల్లులు చేయాలి. కొత్త క్యాడెట్లు ఎక్కే శిక్షణ ఓడలో ప్రతి వేసవీ ఇది తప్పదు. లైఫ్ బోటు కొక్కేలకు తానే గ్రీజు పెట్టిన పిల్లవాడికి, చీకట్లో కూడా వాటిని విడిపించే పిడి ఎక్కడుందో తెలుస్తుంది.

సిమ్యులేటర్‌కు నేను వ్యతిరేకిని కాను. రాడార్ వాడకం, ఎదురొచ్చే ఓడలను తప్పించడం అక్కడ బాగా వస్తాయి. దానికి వేరే నెలలు ఉన్నాయి.

అయితే ఆ తండ్రి రాసిన ఒక మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పిల్లలు అలసిపోతున్నారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఓడ సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. క్యాడెట్లకూ దాన్ని లెక్క రాసి మరీ ఇవ్వాలి. బయలుదేరే తేదీ దగ్గరపడిందని రాత్రిళ్లు పని చేయించడం తప్పు. లోపలి గాలిలో ఆక్సిజన్ ఎంతుందో మీటర్‌తో కొలవకుండా ట్యాంకుల్లోకి దించడం అంతకన్నా పెద్ద తప్పు. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒక ఓడలో లంగరు గొలుసు గదిలోకి మీటర్ లేకుండా దించారు. తుప్పు పట్టే ఇనుము మూసి ఉన్న గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుందని అప్పుడు నాకు తెలియదు. నిచ్చెన దిగగానే తల బరువెక్కింది, మోకాళ్లు జారిపోయాయి. పైన ఉన్న సరంగు పేరు పెట్టి అరిచి, నడుముకు కట్టిన తాడు పట్టి లాగేశాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. మీటర్ ఆ అంకె చూపించనిదే లోపలికి అడుగు పెట్టనని చెప్పే హక్కు ప్రతి క్యాడెట్‌కూ ఉందని శిక్షణ సంస్థలు మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పాలి. రోజులు తగ్గించమని అడిగే బదులు తల్లిదండ్రులు దీని గురించి గట్టిగా అడగాలని నా మనవి.

ఆ తండ్రికి ఇంకొక్క మాట. మీ అబ్బాయి రాత్రి ఫోన్ చేసినప్పుడు, ఈ రోజు ఏది విప్పావు, లోపల ఏం చూశావు అని అడగండి. వాడికి చెప్పడానికి చాలా ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చీఫ్ ఆఫీసర్